కదపకూడని పీపా

బార్న్‌స్లీ, మంగళవారం

అమ్మాయ్ హేజెల్,

మా ఆరోగ్యాలకేం ఢోకా లేదు, నా ఓపికే అయిపోయింది. మీ నాన్న ఇంట్లో చేసిన బీరు, పీపాతో సహా మూడు వారాలుగా వంటింటి బల్లమీద తిష్ఠ వేసింది. గ్యాసు దానంతటదే పుట్టాలట, మడ్డి అడుక్కి దిగాలట, తలుపు కూడా గట్టిగా వేయకూడదట! ఆదివారం స్టాన్లీ బాబాయి వస్తే పీపా కుళాయి తిప్పారు. గ్లాసు నిండా నురగే.

"ఆగరా, దిగుతుంది," అన్నారు మీ నాన్న.

"నువ్వు చూస్తూ ఉండు అన్నయ్యా, నేను పబ్బులో ఒకటి తాగొస్తా," అని బాబాయి వెళ్లిపోయాడు.

నేను పక్కన పిండి పిసికి పీపా కదిపేశానని ఆ కోపమంతా నామీద! చివరికి నురగ దిగాక గ్లాసులో మిగిలిన రెండు గుక్కలూ తాగి, "హేజెల్‌కి నచ్చుతుందంటావా?" అని అడిగారు.

శనివారం వస్తూ ఆ పీపా కుళాయికి రబ్బరు వాషరు తే. దగ్గు తగ్గిందా? చల్లగా ఉండు తల్లీ. బీరు బాగుందనే చెప్పు. ఎలా చేశావని మాత్రం అడక్కు.

అమ్మ