పాలు పడిన వేసవి

18 ఏప్రిల్ 1983, సోమవారం

మళ్లీ మల్లెపూలు. అమ్మ పొద్దున్నే మూర పూలు తెచ్చి, రొమ్ముల మీద పరిచి, పాత చీర చింపి బిగించి కట్టింది. "ఇలగ కడితే పాలు బేగి ఇంకిపోతాయే" అంది. ఇంకడం లేదు. తాగేవాడు లేడని వీటికి ఎవరు చెప్పాలి? ఒళ్లంతా పెళ్లింటి వాసన. 

19 ఏప్రిల్

గుడ్‌ఫ్రైడే నాడు పోయాడు బాబు. పుట్టిన నెల కూడా నిండలేదు. ఫిట్స్... డాక్టరమ్మ ఏదో చెప్పింది, నాకు వినపడలేదు. ఆ ఆదివారం చర్చిలో "లేచెను, లేచెను" అని అందరూ పాడుతుంటే మా ఇంటిదాకా వినిపించింది.

నా వాడు లేవలేదు.

22 ఏప్రిల్

పప్పులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. మా ఆయన అలాగే తినేసి షిఫ్టుకి వెళ్లిపోయారు.

24 ఏప్రిల్, ఆదివారం

ఆయన తెల్లచొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డారు.

"రా శాంతా. పాడకు, ఊరకే కూకో. క్వయర్లో నీ సోటు కాళీగా ఉంటే సూడలేకపోతన్నాను."

"నాను రాను."

"ఎన్నాల్లిలగ?"

 ఆయన చెప్పుల చప్పుడు సందు చివరిదాకా విన్నాను. తర్వాత కంచరపాలెం మొత్తం ఊగేలా ఇనుపరాయి వ్యాగన్లు హార్బరు వైపు పోయాయి. అవి పోతున్నంతసేపూ బాగుంది. ఏ ఆలోచనా రాలేదు.

26 ఏప్రిల్

పాస్టరయ్యగారు వచ్చారు. పెద్దాయన, ఎండలో సైకిలు తొక్కుకుంటూ. ప్రసంగం మొదలెడతారనుకున్నాను. లేదు. మంచినీళ్లు తాగి, అమ్మ ఇచ్చిన విసనకర్రతో విసురుకుంటూ కూర్చున్నారు.

నేనే అన్నాను, "నాకిప్పుడు గుండె లేదు అయ్యగారూ. అక్కడ రాయి ఉంది. ప్రార్థన నోటికి రావడం లేదు."

"రాకపోతే చెయ్యకమ్మా. నీ వంతు కూడా మేం చేస్తాం."

"మరి ఈ రాయి?"

"దాన్ని తియ్యడం నీ పని కాదు. నువ్వు లాగకు."

ఇంత తేలిగ్గా అనేసి వెళ్లిపోయారు. కోపం వచ్చింది. ఆయనకేం.

28 ఏప్రిల్

పక్కింట్లో పసిపిల్ల ఏడుపు. పొద్దుట్నుంచీ.

గోదావరి జిల్లా వాళ్లు. సూర్రావుగారు స్టీల్‌ప్లాంటు కడుతున్న చోట వెల్డరు, ఆయన భార్య సత్యవతి. నేనూ సత్యవతీ ఒకే చలికాలంలో కడుపుతో నడిచాం, కుళాయి దగ్గర నిండు బిందె ఒకరిని ఒకరం ఎత్తనివ్వకుండా చూసుకున్నాం. తనకి ఆడపిల్ల. ఇప్పుడు తనకి పచ్చకామెర్లట, ఒళ్లు తెలియని జ్వరమట, మళ్లీ ఆస్పత్రిలో పెట్టారట. పిల్లని అత్తగారు మంగాయమ్మగారు చూసుకుంటున్నారు. ఆవిడ మన గ్లాసుతో మంచినీళ్లు ముట్టరు. వచ్చిన కొత్తలో నేనిస్తే, "ఇప్పుడే తాగానమ్మా" అన్నారు. నాకు అర్థమైంది. అడగడం మానేశాను.

ఏడుపు... గోడలోంచి కాదు, గోడే ఏడుస్తున్నట్టుంది.

29 ఏప్రిల్

అమ్మ కుళాయి దగ్గర విని వచ్చింది. గేదెపాలు పోస్తే కక్కేస్తోందట. డబ్బాపాలూ నిలవడం లేదట.

"పాపం ఆ గుంట బతకదే..." అని, నా మొహం చూసి ఆపేసింది.

ప్రభువా, ఇదీ నీ పనేనా? గోడకు ఒక పక్క పాలు, ఇంకో పక్క ఆకలి పెట్టావు. నాతో ఆడుకుంటున్నావా?

(ఇది ప్రార్థన కాదు.)

30 ఏప్రిల్

మధ్యాహ్నం పిల్ల గుక్కపెట్టి ఏడ్చింది. బియ్యం ఏరుతున్నాను. చూసుకుంటే జాకెట్టు రెండు వైపులా తడిసిపోయింది. చాట కింద పడేశాను. ఎవరి పిల్లో ఏడిస్తే నా ఒళ్లు పలకడం ఏమిటి? నన్ను అడగకుండా?

దొడ్లోకి వెళ్లి మొహాన నీళ్లు కొట్టుకున్నాను. కట్టు ఇంకా బిగించమని అమ్మకి చెప్పాను.

అమ్మ కట్టలేదు. కట్టనంది.

1 మే, ఆదివారం

  ఇవాళ్టిది రాయకపోతే రేపు నేనే నమ్మను.

ఆయనా అమ్మా చర్చికి వెళ్లారు. ఇంట్లో నేనొక్కదాన్నే. పక్కింటి ఏడుపు సన్నబడుతూ వచ్చింది. పిల్లికూనలా. తర్వాత ఆగింది. ఇన్నాళ్లూ ఆగితే చాలనుకున్నదాన్ని... ఆగేసరికి లేచి నిలబడ్డాను. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. మా బాబు దగ్గర విన్నాను.

చెప్పులు కూడా వేసుకోలేదు. వాళ్ల గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను. మంగాయమ్మగారు చాప మీద, ఒళ్లో పిల్ల, చేతిలో దూది. దూదితో చుక్కచుక్కగా పంచదార నీళ్లు పెడుతున్నారు. పిల్ల నోరు కదపడం లేదు.

"ఇలగియ్యండి."

ఆవిడ తలెత్తారు. నా మొహం, తడిసిన జాకెట్టు చూశారు.  పిల్లని ఇంకా దగ్గరికి లాక్కున్నారు.

"మేం ఎవులమో మీకు తెలుసు. మీ ఇష్టం మీది, కాదన్ను. కానీ ఆ గుంటకి టైం లేదమ్మా. ఇలగియ్యండి."

ఆవిడ గోడకేసి తిరిగిపోయారు. ఇవ్వనంటున్నారేమో అనుకున్నాను. భుజాలు కదులుతున్నాయి. మొహం అలా తిప్పుకునే, పక్కకి చేతులు చాపి, పిల్లని నా చేతుల్లో పెట్టారు.

ఎంత తేలిక. ఏమీ లేదు బట్టలో. రొమ్ము నోట్లో పెడితే పట్టుకోలేదు. చెక్కిలి నిమిరాను, అరికాలు గిల్లాను. పట్టుకుంది... వదిలేసింది. మళ్లీ పట్టుకుంది. పాలు రాలేదు! నిన్నా ఇవాళా జాకెట్టు తడిపినవి, ఇప్పుడు పిల్ల నోట్లోకి రావు! ఇన్నాళ్లూ గుడ్డ కట్టి చంపుకున్నానుగా.

అప్పుడు నా నోరు తెరుచుకుంది. "ప్రభువా, పాలియ్యి." అంతే. పెద్ద మాటలేం లేవు. "పాలియ్యి, పాలియ్యి, పాలియ్యి." గట్టిగా అన్నానో మనసులో అన్నానో. బాబు పోయాక ప్రభువుతో నేను మాట్లాడిన మొదటి మాట. తిట్టు కాని మొదటి మాట.

వీపులోంచి ముందుకి ఒక పోటు. సూదులు. తర్వాత, వచ్చాయి! పిల్ల గొంతులో గుటక వినబడింది. మంగాయమ్మగారికీ వినబడింది, గోడవైపు నుంచి ఇటు తిరిగారు. ఇంకో గుటక. ఇంకోటి. ఆ చిన్న చప్పుడు ముందు ఈ ఊళ్లోని ఏ గంటా పనికిరాదు.

నేను ఏడుస్తున్నాను. ఆవిడా ఏడుస్తున్నారు. ఒకరినొకరం ముట్టుకోలేదు.

2 మే

పిల్ల నాలుగైదు సార్లు తాగింది. పాలు చాలవు. అయినా కక్కలేదు!

3 మే

అమ్మ మార్కెట్టుకెళ్లి సొరచేప తెచ్చింది. ఉడికించి, తోలు తీసి, వెల్లుల్లి దట్టించి పొడిగా వేయించింది. ఎదురుగా కూర్చుని తినిపించింది.

"తిను. ఇది తింటే బండరాయిక్కూడా పాలు పడతాయి."

నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో. అమ్మ నా నవ్వు చూసి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

5 మే

మంగాయమ్మగారు పిల్లని తెచ్చి ఇచ్చి, బయట మెట్టు మీద అటు తిరిగి కూర్చుంటారు. లోపలికి రారు. పిల్ల తాగడం అయ్యాక తీసుకుని వెళ్లిపోతారు. మాటల్లేవు. ఇవాళ మాత్రం, వెళ్తూ వెళ్తూ, "రాత్రి బాగా పడుకుందండి" అన్నారు. అండీ అన్నారు నన్ను.

7 మే

సందులో మాటలు. వాళ్ల వాళ్లెవరో సూర్రావుగారిని ఆపి అడిగారట, పిల్లకి కిరస్తానం పాలు పడుతున్నారటగా అని. ఆయన ఏమన్నారో తెలియదు. మంగాయమ్మగారు మాత్రం వీధిలోకి వచ్చి అరవడం ఇంట్లోంచి విన్నాను:

"ఆయ్, పడతన్నాం! మీ ఇంట్లో ఉంటే తెచ్చి పొయ్యండి, వద్దంటే చూడండి!"

తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి.

ఎండకి మెట్టు కాలిపోతోంది. ఇవాళ ఆవిడ లోపలికొచ్చి, స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. "దాహంగా ఉందమ్మాయ్" అన్నారు. కుండలోంచి ముంచి ఇచ్చాను. గటగటా తాగి, గ్లాసు బోర్లించారు.

10 మే

ఆయన షిఫ్టు దిగి వచ్చేసరికి పిల్ల మంచం మీద ఉంది. మంగాయమ్మగారు ఆస్పత్రికి కోడలి దగ్గరికి వెళ్లారు. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. హార్బర్లో వించి నడిపి గ్రీజైన చేతులు చూసుకుని, దొడ్లోకెళ్లి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చారు.

"ఎత్తుకోనా?"

"ఎత్తుకోండి. తల కింద సెయ్యెట్టండి."

ఎత్తుకున్నారు. పిల్ల ఆయన వేలు పట్టుకుంది. ఆయన మొహం వంకర్లు పోయింది. వార్డులో ఏడవని మనిషి, సమాధి దగ్గర ఏడవని మనిషి, అందరికీ టీలు పోయించిన మనిషి... నేల మీద కూలబడి, పిల్లని రొమ్ముకి హత్తుకుని, బిగ్గరగా ఏడ్చారు. పక్కన కూర్చుని భుజం మీద తల పెట్టాను. ఇన్నాళ్లూ ఈయనకి దుఃఖం లేదనుకున్నాను. నాది నేను మోస్తూ ఆయనది చూడలేదు.

ఇద్దరం కలిసి ప్రార్థన చేశాం. బాబు పేరు పలికి చేశాం.

12 మే

బాబు గుర్తొచ్చాడు రోజంతా. నొప్పి అలాగే ఉంది, రవ్వంత కూడా తగ్గలేదు. కానీ ఇది వేరే నొప్పి. దీని కింద నేల ఉంది.

15 మే, ఆదివారం

చర్చికి వెళ్లాను!

క్వయర్లో నా చోట్లో నిలబడ్డాను. హార్మోనియం శ్రుతి ఇచ్చింది. మొదటి చరణానికి గాలి మాత్రమే వచ్చింది. పక్కనున్న వాళ్లు నాకోసం గట్టిగా ఎత్తుకున్నారు. రెండో చరణానికి గొంతు వచ్చేసింది. ఎక్కడి నుంచి వచ్చిందో... పాత గొంతు కాదు. కొంచెం బొంగురు. కానీ లోపల ఏదో పూర్తిగా తెరుచుకుని, కిటికీలన్నీ తీసిన ఇల్లులా, ఒక్కసారి సముద్రం గాలి వచ్చినట్టు. లేచాడు, అవును, లేచాడు! మా బాబు సమాధి ఎక్కడుందో తెలిసే పాడాను. తెలిసి పాడితేనే అది పాట.

సగంలో వరండాలోంచి పిల్ల ఏడుపు. మంగాయమ్మగారు! ఆకలి ఆగక పిల్లని వేసుకుని చర్చికే వచ్చేశారు. సంఘమంతా తిరిగి చూసింది. నేను క్వయర్లోంచి దిగి, అందరి మధ్యలోంచి నడిచి, వరండాలో కూర్చుని పాలిచ్చాను. లోపల పాట ఆగలేదు. అక్కడి నుంచే నా వంతు పాడాను.

పాస్టరయ్యగారు బయటికి వచ్చి నవ్వారు. "ఎవరు లాగారమ్మా రాయిని?"

పిల్లని చూపించాను. తర్వాత పైకి చూపించాను. ఆయన "స్తోత్రం" అన్నారు.

20 మే

సత్యవతి రేపు ఇంటికి వస్తుందట. జ్వరం తగ్గింది, కళ్లలో పచ్చదనం పోయింది.

సంతోషమే. నిజంగా సంతోషమే. కానీ పిల్ల తల నా మోచేతిలో ఉన్న చోట ఇప్పట్నుంచే చల్లగా అనిపిస్తోంది. ప్రభువా, ఇచ్చిన గుండెని మళ్లీ గట్టిపడనియ్యకు.

21 మే

సత్యవతి రిక్షా దిగింది. సగమైపోయింది మనిషి. పిల్లని తీసుకుని నేనే ఎదురెళ్లాను. ఆమె చేతులు చాస్తే పిల్ల ఏడ్చింది, నావైపు తిరిగింది. సత్యవతి మొహం పాలిపోయింది. ఆ ఒక్క క్షణం... నాకు గర్వం వేసిందని ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను.

తర్వాత ఆమెని గోడకి ఆనించి కూర్చోబెట్టి, పిల్లని ఆమె ఒళ్లో పడుకోబెట్టాను. "ఎండిపోయాయండి, ఇంకేం వత్తాయి" అంది నీరసంగా.

"నాకూ ఎండిపోయాయి. గుంట లాగితే వత్తాయి. ఇద్దరం కలిసి ఇద్దాం. ముందు నువ్వు, కడుపు నిండకపోతే నాను."

మంగాయమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. మొదటిసారి. గట్టిగా, వదలకుండా.

ఇంటికొచ్చి ఏడ్చాను. ఖాళీ చేతులతో ఏడ్చాను కానీ చేదు లేదు. వెతికాను, నిజంగా లేదు!

25 మే

సత్యవతికి పాలు పడుతున్నాయి. గోడ మీద కొట్టి చెప్పింది. నేనూ తిరిగి కొట్టాను.

27 మే

సూర్రావుగారు పని దిగి, సత్యవతి మందులకి ఆస్పత్రికెళ్లి, అక్కడి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చారు, హెల్మెట్టు చేత్తో పట్టుకునే. సత్యవతి ఉన్న వార్డు నర్సమ్మ ఆయనతో కబురు పంపిందట. అక్కడ ఒక మగపిల్లాడు, కాన్పులోనే తల్లి పోయింది, డబ్బాపాలు పడటం లేదు. "సత్యవతి చెప్పిన ఆ గోడ పక్కావిడ వస్తారేమో అడగండి" అందట.

మగపిల్లాడు.

అమ్మ సొరచేప దొరుకుతుందో లేదో అని అప్పుడే సంచి తీసింది. మా ఆయన మాత్రం నా మొహమే చూస్తున్నారు. "శాంతా, మగపిల్లాడంటన్నారు. నువ్వు తట్టుకోగలవా? సెప్పు. నీ మాటే."

తట్టుకోగలనా? తెలియదు. ఆ మొహం చూస్తే ఏమవుతానో తెలియదు. గుండె దడదడ కొట్టుకుంటోంది, భయంతో కొంత, ఇంకేదో పొంగుతూ కొంత.

సూర్రావుగారు గుమ్మంలో ఇంకా నిలబడే ఉన్నారు. ఆస్పత్రికి ఏ బస్సో అడగాలి...