ట్రక్కు నేనే తీసుకెళ్తున్నాను

డెలానీ,

లేవగానే ట్రక్కు కనపడలేదని పోలీసులకు ఫోన్ చేయకు. నేనే టైర్ల షాపుకు తీసుకెళ్తున్నాను. గుర్రానికి గడ్డి వేశాను, నీళ్లు నువ్వు పెట్టు. నేను వచ్చేదాకా ట్రైలర్ జోలికి పోవద్దు.

ట్రక్కు ముందుభాగం లేపి వెనకతో సమానం చేశానని, పెద్ద టైర్లు వేశానని మురిసిపోయావు. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ట్రైలర్ తగిలించి గుర్రాన్ని ఎక్కిస్తే వెనక కుంగి, మూతి పైకి లేచి, లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయని ఆలోచించావా? మొన్న రాత్రి నీకు ఎదురొచ్చిన పక్క పొలం హార్లన్ ఏమన్నాడో తెలుసా? "వచ్చేది మీ పిల్లా, చందమామా, వదినా? ఆ లైట్లకు కళ్లు బైర్లు కమ్మి కాలవలో పడబోయాను" అన్నాడు. అప్పట్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. ఈ సాయంత్రం రోడియో గుర్రప్పోటీలకి ఆ కొండదారిలోనే కదా పోవాలి!

బరువుకు కుంగకుండా వెనక గాలి సంచులు పెట్టించి, లైట్లు కిందికి దింపిస్తాను. ఆ పని కాకపోతే నువ్వు ఏడ్చినా తాళం ఇవ్వను. పని అయితే మాత్రం నీ పక్క సీట్లో నేనూ వస్తున్నాను.

అమ్మ

ఇంత ఎత్తు ట్రక్కు ఎక్కడానికి వంటింటి స్టూలు బయట వేసుకున్నాను, లోపల పెట్టు. షాపు దగ్గర ఎలా దిగాలో ఇంకా తెలియదు.