నాణెం వద్దన్న కత్తి

మార్చి 8, ఆదివారం

ఇవాళ జరిగింది రాసుకోకపోతే నా తల పగిలేలా ఉంది.

ఎప్పటిలాగే ముసలాయన డోన్ ఎవరిస్తో ఇంట్లో అసాదో, మాంసం కాల్చుకు తినే ఆదివారం విందు. బొగ్గుల మీద సగం గొర్రె, చుట్టూ మేం ఎనిమిదో తొమ్మిదో మందిమి. ఆయన గోడ నిండా పాత కత్తులు. వెండి పిడులవి, కొమ్ము పిడులవి, మోచేతి పొడవున్న ఫకోన్లు. ఒక్కో ఆదివారం ఒక్కోదాన్ని దించి మాంసం ముక్కలు చేస్తాడు. కోయని కత్తి బొమ్మతో సమానం అంటాడు. కలెక్షన్ అంటే అద్దాల బీరువా అనుకునే వాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. ఆ కత్తులన్నిటికీ ఒరలు కుట్టింది నేనే.

ఒక్కదానికి తప్ప. అది ఆయన తినే కత్తి. నడుముకు వెనక దోపుకుంటాడు. మా వైపు ఎవరి కత్తితో వాళ్లే తినాలి కాబట్టి దాన్ని రోజూ చూస్తూనే ఉంటాను, కానీ ముట్టుకోనివ్వడు. కొత్త ఒర కుడతానని ఎన్నోసార్లు అడిగాను. పాతదే చాల్లే అమ్మాయ్ అనేవాడు.

ఇవాళ భోజనాలయ్యాక దాన్ని తుడిచి నా ముందు బల్ల మీద పెట్టాడు. తీసుకో ఒఫీలియా, ఇక నీ దగ్గరే ఉండాలి అన్నాడు.

వెంటనే జేబులో చెయ్యి పెట్టి ఒక నాణెం తీసి ఆయన ముందు పెట్టాను. కత్తిని ఊరికే పుచ్చుకుంటే ఇచ్చినవాడితో స్నేహం తెగుతుంది. నాణెం పెడితే కొనుక్కున్నట్టు లెక్క. ఇది మాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఆయన ఆ నాణేన్ని వేలితో నా వైపు తోసేశాడు. దీనికిది అక్కర్లేదు అన్నాడు. హాస్యమనుకుని మళ్లీ పెట్టాను. మళ్లీ తోశాడు. లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

మార్చి 9, ఉదయం 7

రుఫీనోకి చెప్పాను. నా మొగుడికి ఏ విషయమైనా మాతే టీ రెండు గుక్కలు తాగేలోపు తేలిపోవాలి. ఇంకేముంది, నీతో తెగతెంపులు చేసుకున్నాడు ముసలాయన, మొన్నటి ఒర బిగుతుగా ఉందని సణిగాడుగా అన్నాడు. ఒర బిగుతైతే వదులు చేయమంటారు గానీ స్నేహం తెంచుకుంటారా అన్నాను. ఏమో, ముసలివాళ్ల బుర్ర నీకేం తెలుసు అన్నాడు.

మార్చి 9, మధ్యాహ్నం

మాంసం కొట్టు దగ్గర అప్పుడే అందరికీ తెలిసిపోయింది. కొట్టు ఓనరమ్మ జెనోవేవా అయితే జాలిగా నా భుజం తట్టింది. ఏం చేశావే తల్లీ ఆయన్ని, అంత కోపం తెప్పించావు అంది. ఏమీ చేయలేదన్నాను. ఏమీ చేయకుండా నాణెం వెనక్కి తోస్తారటే అంది. నాకూ అదే అర్థం కావడం లేదు.

మార్చి 11

డోన్ ఎవరిస్తోకి ఫోన్ చేశాను. తియ్యలేదు.

మార్చి 12, గురువారం

రోజంతా వర్క్‌షాప్‌లో కూర్చున్నాను, ఒక్క ఆర్డరూ ముందుకు కదల్లేదు. ఏ తప్పు చేశానని వెతుక్కుంటూ ఉంటే అన్నీ తప్పుల్లాగే కనిపిస్తున్నాయి. ఆయన పుట్టినరోజుకి ఆలస్యంగా వెళ్లానా? గోడ మీది ఫకోన్‌కి మురికి వదలగొట్టమంటే నల్లరంగు కూడా పోయేలా తోమానా? అప్పుడు ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. ఎన్నేళ్ల చెమట పడితే వచ్చిన నలుపు అది, సబ్బుతో కడిగేశావా అన్నాడు. కానీ సాయంత్రానికే మర్చిపోయాడు.

మా నాన్న పోయాక తోలు పని నాకు నేర్పినవాడు ఈయనే. మొదట నేను కుట్టినవన్నీ వంకర. అయినా మాట్లాడకుండా కొనుక్కునేవాడు. ఆయన లేకపోతే నేను ఎవరింట్లోనో అంట్లు తోముతూ ఉండేదాన్ని. ఇలాంటి మనిషి ఒక్క మాటైనా చెప్పకుండా తెంచేసుకుంటాడా? చెప్పొచ్చుగా. తిట్టొచ్చుగా.

కోపం వస్తోంది. ఏడుపూ వస్తోంది. ముందు ఏది రావాలో వాటికే తెలియడం లేదు.

మార్చి 15, ఆదివారం

వెళ్లలేదు. ఇంట్లో పాస్తా వండాను. రుఫీనో గొణుగుతూ తిన్నాడు.

మార్చి 17

కత్తిని ఊరికే బల్ల మీద ఉంచడం నచ్చలేదు. స్నేహం ఉన్నా పోయినా ఒర ఉండాలి కదా. కొలతలు తీసుకుందామని కూర్చున్నాను.

పిడి వెండిది, పువ్వుల చెక్కుడు, మంచి పనివాడిదే. బ్లేడు మాత్రం దానికి సరిపడేది కాదు. ఇది కొట్టులో కొన్నది కాదు. గొర్రెల బొచ్చు కత్తిరించే పెద్ద కత్తెరలో ఒక సగాన్ని ఎవరో అరగదీసి కత్తిగా మార్చారు. మొన దగ్గర కొంచెం ఎడమకి ఒరిగింది. కావాలనే అలా చేశారు, ఎముక పక్కనుంచి మాంసం లేపడానికి. అంటే మొదట దీని పిడి వేరు. పేదవాడి కత్తికి పెద్దింటి పిడి తర్వాత తొడిగారు. ఎందుకు తొడిగినట్టు?

ఎడమకి ఒరిగిన దానికి ఒర కుట్టడం చచ్చేంత చాకిరీ. పచ్చితోలు వార్లు కావాలి. రేపు బాబాయి దగ్గరికి వెళ్తాను.

మార్చి 18, బుధవారం, సాయంత్రం

వచ్చీ రాగానే రాస్తున్నాను.

కాసియానో బాబాయి నాన్నకి తమ్ముడు. ఊరి చివర ఒంటరిగా ఉంటాడు. వార్లు కోసి అమ్ముతాడు. పోయిన నెల న్యుమోనియాతో ఆస్పత్రిలో పడి, చచ్చి బతికాడు. చిన్నప్పుడు ఆయన పేరు మా ఇంట్లో ఎత్తకూడదు. మా నాన్న కత్తిని ఈయన దొంగిలించాడని. నాన్న పోయాక నేనే వెళ్లి పలకరించాను. దొంగతనం గురించి మాత్రం నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

కత్తి తీసి, దీనికి సరిపడా సన్నటి వార్లు ఇయ్యి బాబాయ్ అన్నాను. ఆయన దాన్ని వేలి మీద ఆనించి తూచాడు. మొన దగ్గర వంపు మీద బొటనవేలు రాశాడు. గోరు మీద పెట్టి చూశాడు.

ఇంకా కోస్తోందే అన్నాడు.

అది మా నాన్న కత్తి. కాసియానో బాబాయే కత్తెర విరిగితే అరగదీసి నాన్నకి చేసిచ్చాడు. పిడి మారింది గానీ ఈ వంపు పెట్టింది నేను కాదా అన్నాడు. ఆ రోజుల్లో డాన్స్ జరిగితే మగవాళ్లందరూ గుమ్మం దగ్గర కత్తులు అప్పజెప్పి లోపలికి వెళ్లాలి. లేకపోతే తాగి పొడుచుకుంటారు. ఆ రాత్రి నాన్న బయటికొచ్చి అడిగితే కత్తి లేదు. అంతకు ముందే బాబాయి వెళ్లిపోయాడు. ఆ వారమే ఆ కత్తి తిరిగి ఇవ్వమని బాబాయి అడిగితే ఇద్దరికీ గొడవ కూడా అయింది. ఇంకేం, తమ్ముడే ఎత్తుకుపోయాడన్నాడు నాన్న.

గుమ్మం దగ్గర కత్తులు కాసింది ఎవరు బాబాయ్ అని అడిగాను.

నీకు తెలుసులే అన్నాడు. ఇది నీకెవరిచ్చారో వాడే.

మార్చి 19

మీ నాన్న చచ్చేదాకా నా గడప తొక్కలేదు. నిన్న బయల్దేరేటప్పుడు బాబాయి అన్న మాట ఇది. కోపంగా కూడా అనలేదు.

మార్చి 20, శుక్రవారం

వెళ్లాను. డోన్ ఎవరిస్తో తలుపు తీసి, నా చేతిలో కత్తి చూసి, కాసియానోకి చూపించావా అన్నాడు. చూపించానన్నాను. కూర్చోమన్నాడు. కూర్చోలేదు.

చెప్పమంటే చెప్పాడు. దాచకుండానే. ఆ రాత్రి కత్తులన్నీ ఆయన ఒళ్లో, బల్ల కింద, గోనె మీద. మీ నాన్నది ఊరికే చేతిలోకి తీసుకున్నాను, వదలబుద్ధి కాలేదు అన్నాడు. అంతే అమ్మాయ్, వేరే కారణం ఏదీ లేదు, ఉంటే నాకూ బాగుండేది. మర్నాడు ఇచ్చేద్దామనుకున్నాడట. మర్నాటికల్లా అన్నదమ్ములు వీధిలో కొట్టుకున్నారు. ఇక ఇస్తే ప్రాణాలతో ఉండనని భయం. తర్వాత సిగ్గు. తర్వాత పిడి మార్చాడు. ఆ కత్తి మీద మోజుతోనే మిగతావన్నీ కొన్నాడట, ఏదీ చేతికి దానిలా కుదరలేదట.

ఇప్పుడెందుకు అని అడిగాను. మీ బాబాయి ఆస్పత్రిలో ఉన్నాడని విన్నాక దాంతో తింటుంటే ముద్ద దిగలేదు అన్నాడు.

మరి నాణెం?

నాది అయితేగా నీకు ఇవ్వడానికి అన్నాడు. నీ వస్తువు నీకు ఇస్తే నాణెం ఎలా తీసుకోను?

పన్నెండు రోజులుగా నేను తలకిందులైంది దీని కోసమా అనిపించింది. తెగలేదు, అసలు తెంచుకోలేదు ఆయన. నవ్వొచ్చింది, ఆ నవ్వు నాకే నచ్చలేదు. ఎందుకంటే వెంటనే ఇంకో ప్రశ్న వచ్చింది, అడిగేశాను. నాకు పని నేర్పింది, నా వంకర ఒరలు కొన్నది, ప్రతి ఆదివారం పిలిచి కూర్చోబెట్టింది, అంతా ఈ కత్తి బాకీ తీర్చుకోవడానికేనా అని.

మొదట్లో అందుకే అన్నాడు. తర్వాత కాదు.

ఎప్పటినుంచి కాదు అన్నాను. అది నాకెలా తెలుస్తుంది అన్నాడు.

తలుపు వేయకుండా వచ్చేశాను.

మార్చి 23

రుఫీనో ఊరందరికీ చెప్పేద్దామన్నాడు. జెనోవేవా కొట్టులో ఒక్కమాట వేస్తే చాలు, సాయంత్రానికి ఆయన తల ఎత్తుకోలేడు అన్నాడు. చెప్పొద్దన్నాను. మీ బాబాయి పేరు మీద మచ్చ పోవాలంటే చెప్పాలిగా మరి అన్నాడు. అదీ నిజమే. మధ్యాహ్నం దాకా చెప్పాలనిపించింది. తర్వాత వద్దనిపించింది.

మార్చి 25, బుధవారం

బాబాయి దగ్గరికి వెళ్లి, కత్తి నువ్వే ఉంచుకో అన్నాను. చేసింది నువ్వు కదా. తీసుకోలేదు. మీ అయ్యకి ఇచ్చేశాను, ఇచ్చింది ఒకసారి వెనక్కి అడిగి పడ్డది చాలు అన్నాడు. ఊళ్లో చెప్పనా అని అడిగితే, నేనే చెప్పుకుంటాలే, నాకు నోరుంది అన్నాడు. ఇన్నాళ్లూ లేదనుకున్నారా ఏంటి అని కసిరాడు.

వచ్చేటప్పుడు వార్ల కట్ట చేతిలో పెట్టాడు. నువ్వు ఆ ఇంటికి వెళ్తే వెళ్లు, నా కోసం మానకు, నేను మాత్రం ఆ బల్ల దగ్గర కూర్చోను అన్నాడు.

డోన్ ఎవరిస్తోని అసహ్యించుకోవడం సులువే అనుకున్నాను. కుదరడం లేదు. నాన్నని తలుచుకుంటే కుదురుతోంది. సూది పట్టుకుంటే కుదరడం లేదు. కుట్టు ఎలా వేయాలో నా చేతికి నేర్పింది ఆ చెయ్యే.

మార్చి 28

ఒర పూర్తయింది. బాగా వచ్చింది. ఎవరికి చూపించాలో తెలియలేదు.

మార్చి 29, ఆదివారం

వెళ్లాను. బాబాయి చెప్పేశాడు కాబోలు, ఊరంతటికీ తెలిసిపోయినట్టుంది, ఇంకెవరూ రాలేదు. డోన్ ఎవరిస్తో ఒక్కడే, నాలుగు పక్కటెముకలు కాల్చి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. నడుముకు కత్తి లేదు. గోడ నిండా ఉన్నాయి, ఒక్కటీ దించుకోలేదు. మాంసం చల్లారిపోతోంది.

ఎదురుగా కూర్చున్నాను. నాన్న కత్తితో నా ముక్క కోసుకున్నాను. తర్వాత ఆయనది కోశాను. తిన్నాడు.

నేనేం చేశానో నాకు తెలియదు. వచ్చే ఆదివారం వెళ్తానో లేదో కూడా తెలియదు.

ఆకలేసినవాడికి కోసిపెట్టాను. ప్రస్తుతానికి ఇంతే రాయగలను.