లక్ష్మీప్రసాద్ గొంతు

క్యాంప్ 2, భిలాయి,
14 నవంబరు 1996.

అన్నయ్య ఉదయ్‌కుమార్‌కి చెల్లెలు రజని నమస్కరించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం మన అలవాటు. అమ్మ క్షేమం, నేను క్షేమం. నాన్న గురించి ఆ మాట రాయలేను. షిల్లాంగ్‌లో చలి మొదలై ఉంటుంది. నీ దగ్గు తిరగబెట్టలేదని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. నా టెలిగ్రాం చూశాక కూడా రానని రాశావు. "ప్రసాద్ గొంతును పొయ్యిలో వేసిన చెయ్యి అది. ఆ చెయ్యి పట్టుకుని కూర్చోవడం నావల్ల కాదు" అన్నావు. ఆ వాక్యం నేను మూడుసార్లు చదివాను. అమ్మ కూరగాయలు తరుగుతూ, "ఏటి రాసేడే? వత్తన్నాడా?" అంది. సెలవు దొరకాలట అని చెప్పాను. "గిటారు వాయించీవోడికి సెలవేటే, ఆడేమైనా ప్లాంటులో ఉన్నాడా" అంది. మన అమ్మకి చదువు రాదు గానీ, నేను ఎక్కడ తడబడ్డానో ఎప్పుడూ తెలిసిపోతుంది. 

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. నాన్నకి నొప్పి ఉందా అని అడిగావు. రానన్నవాడివి అది ఎందుకు అడిగావో నాకు తెలుసు. ఉంది. గొంతులో గడ్డ పెరిగింది, జావ తప్ప మింగలేడు. ఆపరేషన్ చేసే దశ దాటిందని, డిసెంబరు చూడకపోవచ్చని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పారు. ఇంటికి తెచ్చుకున్నాం. రిటైరై సెక్టార్ క్వార్టర్ ఖాళీ చేశాక మేం మారిన ఈ క్యాంప్ ఇల్లు నువ్వు చూడలేదు. రెండు గదులు. నాన్న మంచం ముందుగదిలో, కిటికీ పక్కన వేశాం. ఇంజెక్షన్ ఇచ్చిన పూట బాగా మాట్లాడతాడు, అదీ గుసగుసగా. చెవులు పూర్తిగా పోయినట్టే. ముప్పై ఏళ్ళు రైల్ మిల్లులో రంపం పక్కన నిలబడినవాడు కదా. ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి అరిస్తే కొంచెం అందుతుంది.

నా చదువు గురించి అడిగావు. బడిలో పాఠాలు చెబుతూనే ఎం.ఏ. ఇంగ్లీషుకు ప్రైవేటుగా కట్టాను. మన ఇంట్లో పదో తరగతి దాటినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి ఏ కాగితం వచ్చినా ఈ వీధంతా నా దగ్గరికే తెస్తుంది.

ఇక నీ క్యాసెట్లు. "ముప్పై ఒకటి ఉండాలి. ఎవరైనా వినేవాళ్ళుంటే ఇచ్చెయ్, లేకపోతే పారెయ్" అని రాశావు. అన్నయ్యా, వినేవాళ్ళు ఉన్నారు. ఆ సంగతి నీకు ఇన్నాళ్ళూ రాయలేదు. నువ్వు వెళ్ళిన ఏడాదే నేను వినడం మొదలుపెట్టాను.

మొదట్లో నాకు అదంతా ఒకే గోల. బలరాం భయ్యా దుకాణంలో పెద్ద రికార్డుల నుంచి ఎక్కించిన క్యాసెట్లు కదా, అట్టలు లేవు, పేర్లు లేవు. నువ్వు అంటించిన తెల్ల కాగితాలూ, వాటిమీద నీ వంకర తెలుగూ తప్ప ఏ ఆధారమూ లేదు. "ముగ్గురు." "చిరిగిన గొంతు." "ముసలాయన." నాకు వాళ్ళ అసలు పేర్లు ఇప్పటికీ తెలియవు, కానీ వాళ్ళని గుర్తుపడతాను.

"ముగ్గురు"లో గిటారు అతన్ని అందరూ మెచ్చుకుంటారని నువ్వు చెప్పేవాడివి. నాకు మాత్రం బేస్ వాయించే ఆయన ఇష్టం. మిగతా ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ పరుగెత్తుతుంటే, ఆయన ఇంట్లో పెద్దకొడుకులా అందరినీ కనిపెట్టుకుని ఉంటాడు. రెండో వైపు మూడో పాటలో ఆయన ఒక్కసారి ఆగుతాడు. అప్పుడు తెలుస్తుంది, అంతసేపూ ఇల్లు ఎవరి మీద నిలబడిందో.

"ముసలాయన" అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆయన ఒక లైను పాడతాడు. అదే లైను మళ్ళీ పాడతాడు. మూడోసారి దానికి జవాబు చెప్తాడు. మన అప్పలనర్సమ్మ అత్త నాట్లప్పుడు పాడే తీరు ఇదే కదా. ఒకసారి అన్నమాటని మళ్ళీ అంటుంది, అది నిజమేనా అని తనే చూసుకుంటున్నట్టు. ఆయన పాడి ఆపగానే గిటారు చిన్నగా పలుకుతుంది. కథ చెప్పేవాళ్ళకి ఊఁ కొట్టినట్టు. "ముగ్గురు"లో వాళ్ళు వాయించిన సగం పాటలు ఈయనవేనని, వాళ్ళు పెద్ద పెద్ద మైదానాల్లో వాయిస్తుంటే ఈయన తన ఊళ్ళో కూలిపని చేసుకున్నాడని నువ్వొకసారి ప్రసాద్‌తో కోపంగా అనడం విన్నాను. ఇప్పుడు ఆ కోపం నాకూ అర్థమైంది.

"చిరిగిన గొంతు" పెట్టినప్పుడు అమ్మ బియ్యం ఏరడం ఆపి అడిగింది, "ఈవిడికెవులు పోనారే?" అని. ఎవరూ పోలేదు, పాటంతే అన్నాను. "నీకు తెల్దు. ఎవులో పోనారు" అంది అమ్మ.

నాన్న కూడా వింటాడు. వినడమంటే, టేప్ రికార్డర్ మంచం మీద పెట్టించుకుని స్పీకర్ చిల్లుల జాలీ మీద అరచెయ్యి ఆనిస్తాడు. నేను పక్కన కూర్చుని చెవిలో అరుస్తూ ఇంగ్లీషుని తెలుగు చేస్తాను.

"ఏటంతన్నాడు?"

"ఆమె నది దాటి వెళ్ళిపోయిందంటున్నాడు."

"మళ్ళీ ఏటన్నాడు?"

"అదే అన్నాడు నాన్నా. నది దాటి వెళ్ళిపోయిందని."

"ఒకసారి సెప్పేడు గదా. మనకి సెవుడనుకున్నాడేటి."

నాన్నకి నవ్వితే గొంతు నొప్పి. అయినా నవ్వాడు. కాసేపటికి, "మూడోసారి ఏటన్నాడో సెప్పు" అన్నాడు. నేను మూడో లైను చెప్పాను: "పడవ కట్టింది నేనే" అని. నాన్న చెయ్యి తియ్యలేదు. పాట అయిపోయి ఉత్త టేపు తిరుగుతున్నా తియ్యలేదు.

ఇప్పుడు నీకు తెలిసినదే మళ్ళీ రాస్తాను. అందులో నీకు తెలియనిది ఒకటుంది.

తొంభై ఒకటి డిసెంబరులో మీ బ్యాండు వాళ్ళు నలుగురూ కమ్యూనిటీ హాల్లో తలుపులు మూసి, మన టేప్ రికార్డర్ కుర్చీ మీద పెట్టి, మీ సొంత పాటలు మూడు ఎక్కించారు. పాడేవాడు లక్ష్మీప్రసాద్ ఒక్కడే. జనవరిలో అతనికి కామెర్లు వచ్చాయి. నెల తిరక్కుండా పోయాడు. అతని గొంతు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. మార్చిలో నువ్వు వాళ్ళ అమ్మకి వినిపిస్తానని క్యాసెట్ కోసం వెతికితే, నాన్న బొగ్గుల సిగిడి వైపు చూపించి, "నానే కాల్సీసేను. సచ్చిపోయినోడి ఏడుపు ఇంట్లో ఎందుకు" అన్నాడు. నువ్వు ఆ సాయంత్రమే వెళ్ళిపోయావు.

అన్నయ్యా, నీ పాటల క్యాసెట్లన్నిటికీ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు నువ్వు విరిచేసేవాడివి, పొరపాటున ఎవరైనా వాటిమీద మరొకటి ఎక్కించకుండా. నాకు నువ్వే నేర్పావు: ముక్కలు విరిగి ఉంటే ముట్టుకోకు, విరగకుండా ఉంటే ఖాళీది, వాడుకో అని. నేను పన్నెండో తరగతి పాఠాలు గట్టిగా చదివి ఎక్కించుకుని వంట చేస్తూ వినేదాన్ని. ఇంట్లో నాకు విడిగా కూర్చుని చదివే చోటు లేదు, అడిగి చెప్పించుకోవడానికి చదువుకున్నవాళ్ళు లేరు. నా గొంతే నాకు మేష్టారు. బోర్డు పరీక్షకు పది రోజుల ముందు డబ్బాలో ఒక క్యాసెట్ దొరికింది. దానిమీద కాగితం లేదు. ముక్కలు విరగలేదు. చరిత్ర పాఠం మొదటి వైపు ఎక్కించాను. వెనక్కి తిప్పి వింటుంటే, నా పాఠం అయిపోయిన తర్వాత ఒక అర నిమిషం ప్రసాద్ పాట మిగిలి ఉంది. చివర అతను నవ్వి, "ఉదయ్, అబ్ చౌథా గానా కల్" అన్నాడు, నాలుగో పాట ఇక రేపని.

అప్పుడు అర్థమైంది నువ్వు ఆ ముక్కలు ఎందుకు విరవలేదో. నాలుగో పాట ఎక్కించాలి కదా.

నేను ఏడుస్తుంటే నాన్న డ్యూటీ నుంచి వచ్చాడు. చెప్పాను. అప్పటికి ఆయనకి ఇంకా కొంచెం వినబడేది. క్యాసెట్ నా చేతిలోంచి తీసుకుని టేపంతా బయటికి లాగి సిగిడిలో పడేశాడు. నేను అడ్డుపడ్డాను. ఆ అర నిమిషమైనా ఉంచమన్నాను. "ఆ అర నిమిషం కోసం ఇంటే ముందు నీ గొంతు ఇనబడతాది" అన్నాడు. "ఆడి కోపం నామీదుంటే నాను మొయ్యగల్ను. నీమీదుంటే నువ్వు సదవలేవు. నోరిప్పకు. ఒట్టు."

నేను ఒట్టు వేశాను. పరీక్ష రాశాను. ఫస్ట్ క్లాస్ వచ్చింది. నువ్వు షిల్లాంగ్ నుంచి మొదటి కార్డు నాకు రాసినప్పుడు, నాన్న పేరు ఎత్తకుండా, నా మార్కులకు సంతోషించావు. దాన్ని నేను దాచుకోలేదు. చించేశాను.

ఆ తర్వాత ఎన్నోసార్లు రాయబోయాను. పరీక్షలవగానే చెప్తానన్నాను, నాన్న వద్దన్నాడు. బి.ఏ. అవగానే అన్నాను, ఉద్యోగం రానీ అన్నాడు. నిజం చెప్పాలంటే, ఆయన వద్దన్న ప్రతిసారీ నాకు ఊరటగానే ఉండేది. ఒట్టు నాన్నది, కానీ దాని వెనక ఇన్నేళ్ళు దాక్కున్నది నేను. నేను పడవలసిన నీ కోపం నా బదులు ఆయన పడ్డాడు, నేను మార్కులు తెచ్చుకున్నాను.

నిన్న నీ ఉత్తరంలో ఏముందని ఆయన అడిగాడు. చెవిలో అరిచి చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆయనే నా మొహం చూసి, "సర్లే. ఆడు సేసిందాన్లో తప్పు లేదు" అన్నాడు. తర్వాత గోడవైపు తిరిగాడు. అందుకని ఇవాళ ఒట్టు తప్పాను. ఈ ఉత్తరం రాస్తున్నట్టు ఆయనకి తెలియదు.

ఇది దుర్గ్ స్టేషన్ పోస్టాఫీసులో నేనే స్వయంగా వేస్తాను. నీకు చేరడానికి ఐదారు రోజులు, నువ్వు గౌహతి దిగి హౌరా మీదుగా రావడానికి మూడు. నేను లెక్క వేశాను. సరిపోవచ్చు. కచ్చితంగా చెప్పలేను.

నువ్వు రాకపోయినా అర్థం చేసుకుంటానని ఇక్కడ రాద్దామనుకున్నాను. రాయలేదు, అది అబద్ధం కాబట్టి. నన్ను క్షమించాక రావాలని కూడా అడగను. దానికి ఎంతకాలం పడుతుందో నీకే తెలియదు, ఎప్పటికీ కుదరకపోవచ్చు కూడా. నా మీద కోపం ఎన్నేళ్ళైనా ఉంచుకో అన్నయ్యా. నేను ఇక్కడే ఉంటాను. నాన్నకే వ్యవధి లేదు.

ఇట్లు,
నీ కోపం చేరవలసిన చెల్లెలు,
రజనీకుమారి