ఒక్క పీపా సీసా, ఒంటిచెట్టు కల్లు

17 ఆగస్టు 1986, ఆదివారం

మా మామ మొదటి గ్లాసు నరసప్పకు పోశాడు. నేను పెద్దల్లుణ్ణి. నన్ను దాటి, నా పక్కన కూర్చున్న చిన్నల్లుడు వాడికి పోశాడు. నలభై ఏళ్ళు కావస్తోంది. ఇప్పటికీ అన్నం ముందు కూర్చుంటే ఆ గ్లాసే కనబడుతుంది.

ఆ పొద్దు ఉగాది. నరసప్ప అప్పుడు కొత్తల్లుడు. ఎమ్మిగనూరు నుంచి సొంత మగ్గం మీద నేసిన పంచె కట్టుకుని వచ్చాడు. మామది తుగ్గలి పక్క పల్లె. వంక ఒడ్డున ఆయనకు ఒక ఈతచెట్టు ఉండేది. ఆ ఒక్క చెట్టు కల్లు దించి తెచ్చాడు. పది చెట్లది కలిపిన కల్లు ఎవడైనా తాగుతాడు. ఒంటిచెట్టు కల్లు దేవుడికో, ఇంటికి పెద్దవాడికో. ఆ చెట్టు చుట్టూ మేకలు రాకుండా కంప కొట్టింది నేను. ఆయన బావిలో పూడిక తీసింది నేను. ఆయన శనక్కాయలు నా బండి మీద ఆదోని మార్కెట్టుకు తోలింది నేను. ఒక్కసారి బాడుగ అడగలేదు. గ్లాసు మాత్రం వాడికి.

మా ఇంట్లో ముందు గ్లాసు పెద్దవాడిది. లోకంలో ఏ ఇంట్లోనైనా అంతే. ఎద్దు మేత ముట్టలేదు, చూసి వస్తానని చెప్పి లేచాను. బండి కట్టుకుని అటునుంచి అటే ఆదోని వచ్చేశాను. మామ బతికి ఉన్నన్నాళ్ళూ ఆ ఇంట్లో మళ్ళీ చుక్క ముట్టలేదు. ఎందుకని ఆయనా అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఈ డైరీ జిన్నింగు మిల్లువాళ్ళు జనవరిలో ఇచ్చారు. గేటు కాసే బజారిగాడికి డైరీ ఎందుకని గుమాస్తా నవ్వాడు. ఇన్నాళ్ళు పెట్టెలో పడేశాను. ముసలితనంలో రాత్రిబడికి పోయి అక్షరాలు దిద్దింది ఈ మాట ఎక్కడో ఒకచోట పెట్టడానికే అనుకుంటాను. పెట్టాను.

20 ఆగస్టు

మా మిల్లు పత్తి బేళ్ళు బొంబాయికి తోలే లారీ డ్రైవరు లక్ష్మన్న ఈరోజు గేటు దగ్గర బండి ఆపి, సీటు కింద నుంచి ఒక సీసా తీశాడు. లుంగీలో చుట్టి ఉంది. పొట్టి సీసా, బరువు. మూతకు మైనం. లోపలిది బెల్లం పాకం రంగు.

బజారన్నా, ఇది మామూలు ఫారిన్ గాదు, అమెరికాది, సింగిల్ బ్యారెల్ బోర్బన్ విస్కీ అంటారు, ఒక్క పీపాలోదే పట్టినారంట, ఇంకో పీపాది సుక్క గూడ కలపలేదంట అన్నాడు.

ఇది ఒంటిచెట్టు కల్లే కదా.

ధర అడిగాను. నా రెండు నెలల జీతం చెప్పాడు. నీ లారీ అడగలేదప్పా, సీసా అడిగినా అన్నాను. లారీ అయితే నీకు ఊరికే ఇస్తా, దాని రిపేర్లు నువ్వే సూసుకో అన్నాడు.

అక్టోబరు మూడున పెద్దల అమాస. మామకు కొడుకుల్లేరు. అల్లుళ్ళం ఇద్దరమే పోయి పెద్దలకు పెట్టి వస్తాం. ఆయనకు ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి, పక్కన తాగేది పెట్టి, తలుపు మూసి బయట కూర్చుంటాం. ఆయన వచ్చి తిని పోయాక మేం తింటాం. ఏటా నరసప్ప తెచ్చేది నాదానికంటే ఒక మెట్టు పైనే. పోయిన ఏడు మిలిటరీ రమ్ము తెచ్చాడు. నా బ్రాంది చూసి అత్త, దాన్ని ఆ మూలకు పెట్టు నాయనా, కాలికి తగుల్తుంది అంది.

కాలికి తగులుతుందట.

21 ఆగస్టు

మొక్కజొన్నలతో చేస్తారట. మొక్కజొన్నలకు రెండు నెలల జీతమా.

24 ఆగస్టు, సాయంత్రం

షాపులకు బోర్డులు రాసే ఇమాం సాబ్‌ను పిలుచుకుని పోయాను. ఆయనకు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. తాగడు. తాగేవాణ్ణి అడిగితే ఏ సీసా చూసినా బాగుందనే అంటాడు. లక్ష్మన్న సీసా మా చేతికివ్వకుండా తానే బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని చూపించాడు. ఇమాం సాబ్ కళ్ళద్దాలు తుడుచుకుని ఒక్కో అక్షరం చదివాడు. లక్ష్మన్న చెప్పింది నిజమే. ఒక్క పీపా అనే ఉంది.

పైదంతా అచ్చే గానీ ఈ పీపా నంబరు మాత్రం చేత్తో రాసినారు, కలం వంపు సూడు బజారన్నా, ఎవడో కూసోని ఒక్కో సీసాకు రాసినాడు అన్నాడు.

తాగితే ఎట్లుంటుందంటావని అడిగాను. నాకు తెలిసింది టర్పెంటైను వాసన ఒకటేనప్పా అన్నాడు. కొనొచ్చా అన్నాను. ఎవరికోసమని అడిగాడు. మా మామకు అన్నాను. ఉన్నాడా అన్నాడు. లేడన్నాను. అయితే బాగలేదని తిరిగిచ్చేవాడు లేడు, కొను అన్నాడు.

లక్ష్మన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తిరిగిచ్చినా బాగుండేది. ఒక మాటైనా వినేవాణ్ణి.

31 ఆగస్టు

పంచె కొనే నెపంతో ఎమ్మిగనూరు పోయాను. ఈ ఏడు నరసప్ప ఏం తెస్తున్నాడో కనుక్కోవాలి.

వాడి ఇంట్లో కొత్త ఫ్యాను తిరుగుతోంది. మరదలు సిద్దమ్మ స్టీలు చెంబుతో నీళ్ళిచ్చి, అక్క బాగుందా బావా అని అడిగింది. వీధిలో పోయే ప్రతివాడూ గడపలోకి తొంగిచూసి నరసప్పన్నా అని పలకరించి పోతున్నాడు. గోడ మీద ఫోటో ఉంది. మంత్రాలయంలో తీయించింది. నడుమ అత్త కుర్చీలో కూర్చుంది. అటు నరసప్ప, ఇటు సిద్దమ్మ. ఎప్పుడు పోయినారంటే, పోయిన మాఘంలో అని చెప్పాడు. పల్లె నుంచి అత్తను తీసుకుని ఆదోని మీదుగానే కదా పోయింది. ఆదోనిలో నేను లేనా. అత్తను మంత్రాలయం తిప్పడానికి నాకు కాళ్ళు లేవా.

బస్టాండు దాకా సాగనంపడానికి వచ్చాడు. దారిలో అడిగాడు. అన్నా, మీ మిల్లు లారీ లక్ష్మన్న కాడ అమెరికా సీసా ఉందంట గదా, మామకు తెద్దామనుకుంటాండాను, నువ్వు సూసింటావు, కొనేటట్లుందా అని.

నేను ఆగలేదు, తడుముకోలేదు. అది మొక్కజొన్న నీళ్ళురా, పిల్లికి పోస్తే మూతి తిప్పుకుంటుంది అన్నాను.

అట్లనా, నువ్వు సెప్తే ఇంక తిరుగేముంది అన్నాడు. వాడే నా టికెట్టు డబ్బులు కండక్టరుకు ఇచ్చాడు.

బస్సు కదిలాక చెయ్యి కూడా ఊపాడు. వాడు నమ్మాడు.

1 సెప్టెంబరు, పొద్దున ఆరు గంటలు

కొంటున్నాను.

3 సెప్టెంబరు

ఎద్దుల గంటల పట్టెడలు అమ్మేశాను. ఎద్దులు పోయి చాలా ఏళ్ళయింది. గంటలు మాత్రం గోడ కొయ్యకు వేలాడుతూ ఉండేవి. గాలికి మోగితే మా ఇంటామె హులిగమ్మ, బండి వచ్చినట్లుంది అనేది.

సీసా చూసి అంది. సచ్చినోనికి సారాయి, బతికినోళ్ళకు సంగటి అని. నీ నాయనకేనే అన్నాను. మా నాయన ఎప్పుడన్నా సీసాలో తాగినాడా, ముంత ఎత్తితే దించేవోడు గాదు, నువ్వు తెస్తాండేది మా నాయనకు గాదు, నరసప్ప కంట్లో పొడిసేకి అంది.

ఆడదానికి ఏం తెలుసు అని రాద్దామనుకున్నాను. రాయడం లేదు.

19 సెప్టెంబరు

రోజూ పెట్టె తెరిచి చూస్తున్నాను. ఎండకు పట్టి చూశాను. బొంబాయిలో ఖాళీ సీసాల్లో రంగు సారాయి పోసి అమ్ముతారని గేటు దగ్గర ఎవరో అన్నారు. మైనం పగలలేదు. ఎక్కడా అతుకు లేదు. అయినా పీపా ఒకటే అని రాసినవాణ్ణి చూశానా, పీపాను చూశానా. మామ చెట్టును చూశాను. దాని బెరడు కూడా తెలుసు.

కొన్నాక కూడా కొనొచ్చా అని ఆలోచించేవాణ్ణి నేనొక్కణ్ణే ఉంటాను.

4 అక్టోబరు

నిన్న జరిగింది రాస్తున్నాను. కొట్టివేతలుంటాయి.

పత్తికొండలో బస్సు మారి తుగ్గలి దిగి పల్లెకు నడిచాం. సీసా తువ్వాలలో చుట్టి దారి పొడవునా ఒళ్ళోనే పెట్టుకున్నాను. మేం పోయేసరికి నరసప్ప అరుగు మీద ఉన్నాడు. వాడి పక్కన ఒక మట్టి ముంత, మూతికి ఈతాకు చుట్టి ఉంది.

ఏం తెచ్చినావురా అన్నాను. సీసా దండగని నువ్వే సెప్తివి గదన్నా, ఆ లెక్కన ఏం కొన్నా దండగే అనిపించింది, మామ చెట్టు ఎండిపోయినా దాని పక్కన పిలక లేసింది గదా, ఈ ఏడే గీతకొచ్చింది, గీసేవాణ్ణి బతిమాలి ఆ ఒక్కదానిది దించిపిచ్చినా అన్నాడు.

నేను తువ్వాల విప్పాను. ఇంకేం చేసేది. వాడు సీసా చూశాడు. నన్ను చూశాడు. వాడు నవ్వి ఉంటే నాకు తేలికగా ఉండేది.

అత్త ముంత మూతి వాసన చూసి కళ్ళొత్తుకుంది. సీసాను చూసి, మందు సీసానా నాయనా, ఎవరికి బాగలేదు అని అడిగింది.

కోడికూర, సంగటి, వడలు, బీడీ కట్ట అన్నీ ఆకులో పెట్టి, ఒక పక్క ముంత, ఒక పక్క సీసా పెట్టి తలుపు మూశాం. అరుగు మీద కూర్చున్నాం. లోపల ముంత కదిలినట్టు ఒకసారి చప్పుడయింది. చెవి పెట్టి విన్నాను. సీసా చప్పుడు కాలేదు. మూత తీసి పెట్టలేదు నేను. ఆయన మైనం ఎట్లా తీస్తాడు. ఆ బుద్ధి నాకు అప్పుడు వచ్చింది.

తలుపు తీశాక అత్త ముంత ఎత్తింది. మొదటి గ్లాసు పోసి నరసప్ప చేతిలో పెట్టింది.

మళ్ళీ.

లేచాను. హులిగమ్మ నా తువ్వాల కొస పట్టుకుంది. ఈసారి ఎద్దు లేదు, సాకు లేదు. అడిగేశాను. అత్తా, ఈ ఇంటికి నేను పెద్దల్లుణ్ణి గానా, ఆ పొద్దు ఆయనా వానికే పోసె, ఈ పొద్దు నువ్వూ వానికే పోస్తివి అన్నాను.

అత్తకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత నరసప్ప చేతిలోని గ్లాసు లాక్కుని నా ముఖం ముందు పెట్టింది. దీంట్లో ఏముందో సూడు అంది. గ్లాసు నిండా నురగ. నురగలో రెండు తేనెటీగలు, ఒక గండుచీమ.

పైది ఎప్పుడూ సిన్నోనికే నాయనా, చెత్తంతా దాంట్లోనే వస్తది, కిందిది తేట, అది పెద్దోనికి, మీ మామ ఎప్పుడూ అట్లే పోసేవోడు, మీ ఇంట్లో ఎట్ల పోస్తారో మాకేం ఎరుక అంది.

మా ఇంట్లో గుడ్డలో వడగట్టి పోస్తారు. అందుకే ముందుది పెద్దవాడికి.

నరసప్ప అన్నాడు. ఆ ఉగాదికి నాకు మూడు ఈగలు వచ్చినాయన్నా, ఒకటి నాలిక మీద కరిసింది, మామ పడీపడీ నవ్వినాడు, కొత్తల్లుని ముచ్చట ఇదే అన్నాడు అని. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదురా అంటే, ఈగ కరిసిందని ఎవురన్నా సెప్పుకుంటారా అన్నాడు.

అత్త ఇంకా చెప్పింది. ఆ పొద్దు మీ మామ రెండో గ్లాసు పోసి నీకోసం పెట్టుకుని కూసున్యాడు, పొద్దు మునిగె, పులిసిపోతాది నువ్వన్నా తాగు అంటే, బజారి ఎద్దు మేత తిన్నాక వస్తాడు అనె, తెల్లారి దాన్ని చెట్టు మొదట్లో పోసొచ్చె అంది.

చెప్పి రెండో గ్లాసు నా చేతికిచ్చింది. తేటగా ఉంది. అడుగు కనబడుతోంది. మళ్ళీ కూర్చుని తాగాను.

తర్వాత సీసా మైనం నేనే ఊడదీసి రుచి చూశాను. కాలిన కట్టె వాసన, పాతబెల్లం తీపు, చివర మిరియాల మంట. బాగుంది. అబద్ధం రాయను. లక్ష్మన్న మోసం చేయలేదు. కానీ గ్లాసుల్లో పోయడానికి కూర్చుంటే ఎవరికి ముందు పోయాలో తెలియలేదు. నురగ లేదు, ఈగ లేదు. పైనా కిందా ఒకటే. ఏ గ్లాసు పెద్దవాడిది, ఏది చిన్నవాడిది. ఇట్లాంటి తాగుడుతో మనిషికి మర్యాద ఎట్లా చేస్తారు. నా రెండు నెలల జీతానికి, నా గంటలకు ఆ ఒక్క పని చేతకాలేదు.

ఊరికే నరసప్పకు పోశాను. తాగి మూతి తుడుచుకున్నాడు. మొక్కజొన్న నీళ్ళు బాగుండాయన్నా, మీ ఆదోని పిల్లులకు రుసి తెలీదు అన్నాడు.

6 అక్టోబరు

మామా. అత్త చెప్పింది విన్నాను. నరసప్ప చెప్పింది విన్నాను. వాళ్ళిద్దరూ నీ పక్షం. నీ నోటితో వినలేదు.

సీసాలో ఒక గ్లాసు మిగిలింది. గంటలు వేలాడిన కొయ్య కింద, గూట్లో పెట్టాను. మూత తీసే ఉంచాను.

ఆ రెండో గ్లాసు నాదేనా. కలలోకి వస్తావో, హులిగమ్మ నోట పలుకుతావో నీ ఇష్టం. దీపావళి అమాస లోపల చెప్పు. ఆ పొద్దు దాటిందంటే దీన్ని ఎమ్మిగనూరు తీసుకుపోయి నరసప్పకు పోస్తాను.