ఖర్చులు వద్దని సంతకం

అత్తమ్మా,

నువ్వు పోయి ఏడాదైంది, ఈ రోజు నీ మొదటి తిథి. మన కుట్టుసంఘాన్ని తప్పించి బడి యూనిఫారాల కాంట్రాక్టు వేరేవాళ్లకిచ్చారని నువ్వు వేసిన కేసు గెలిచాం. కోర్టు ఖర్చులు కూడా ఆఫీసువాళ్లే మనకివ్వాలని తీర్పు చెప్పారు. వకీలు ఫీజుకని నువ్వు వెంకటప్పకు అమ్మిన ఆవును ఆ డబ్బుతో తిరిగి కొనుక్కుందామనుకున్నాను.

నిన్న కాంట్రాక్టులిచ్చే కృష్ణగిరి ఆఫీసులో సారు, "ఖర్చులు వద్దని రాసియ్యమ్మా. లేదంటే వచ్చే టెండరు మీకెట్లొస్తాది?" అన్నాడు.

నీ కొడుకు, "పెట్టేయ్ సంతకం. ఇంగా కోర్టుకు తిరిగేకి నాకు చేతకాదు" అన్నాడు.

సంఘంలో మునెమ్మక్క, "మీ అత్తయితే ఆ కాగితం చించి ఆయప్ప మొగానే ఏసుండేది" అంది.

సంతకం రేపు పెట్టాలి.

పొద్దున తిథి ముద్దను వెంకటప్ప దొడ్డిలో ఉన్న మన ఆవుకే పెట్టాను. తినేసి అది మన ఇంటి దారి పట్టింది. తాడు పట్టుకుని ఆపింది నేనే.