పంపు కన్నా పైన పెట్టిన ట్యాంకు

తమ్ముడూ,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్ళి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే ప్రార్థన చేసుకుని నీ జీపు షెడ్డు తీయించేను. నీ భార్య మేరీ దాన్ని పాత ఇనుముకి ఇచ్చేద్దామంటే, నువ్వు మొదలుపెట్టిన స్టీరింగు పని పూర్తయ్యేదాకా ఆగమన్నాను.

నీ స్నేహితుడు సత్తిబాబు అమలాపురం నుంచి వచ్చేడు. స్టీరింగు తేలిగ్గా తిరగడానికి నువ్వు తెచ్చిన పైదేశం కారు పంపుకి నూనె ట్యాంకు విడిగా, కింద బిగించేవు కదా. అది చూసి నవ్వేడు.

"కూజా కిందెట్టి గ్లాసు పైనెట్టేడండి మీవోడు. పంపు గాలి పీల్చి మూలగదా అక్కగారూ? ట్యాంకు పైనుండాలండి."

జబ్బు చేశాక నీ చేతులు ఛాతీ దాటి లేచేవి కావు. నూనె పోసుకోడానికి అందాలని అక్కడ పెట్టుకున్నావు. అతనికది చెప్పలేదు.

"పైనే బిగించవయ్యా. ఇంక పరవాలేదు" అన్నాను.

అతను ట్యాంకు పైకి మార్చి, ఇంజను ఆన్ చేసి నన్ను కూర్చోమన్నాడు. స్టీరింగు ఒక్క చేత్తో తిప్పేను. తేలిగ్గా తిరిగింది. మేరీ వచ్చి పక్కన కూర్చుంది.

"ఇప్పుడు ఇచ్చేద్దామా అమ్మా?" అన్నాను.

"ఒక్కసారి కాలవ గట్టుదాకా వెళ్ళొద్దామండి వదినగారూ" అంది.

మా ఇద్దరికీ నడపడం రాదు. అయినా దిగలేదు.

ప్రార్థనలో నీ పేరు ఇంకా మానలేని
పెద్దక్క